మట్టి నొక్కిందా, మనిషి పడ్డాడా: పాత వెన్నుపూసల్లో విరుపులు చూడటానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

గోదావరి జిల్లాల నుంచి ఆంత్రోపాలజీ, పురావస్తు శాస్త్రం, అనాటమీ చదివే విద్యార్థులు పాత అస్థిపంజరాల మీద ప్రాజెక్టు చేస్తామంటే సంతోషంగా ఉంటుంది. అయితే వెన్నుపూసల విరుపులు అనగానే వాళ్ల నోట ముందు వచ్చే ప్రశ్న, సీటీ స్కాన్ ఎక్కడ చేయించాలి అని. ఉత్త కళ్లతో చూసి కొలవడం, ఎక్స్‌రే, సీటీ, మైక్రో సీటీ, ఫొటోలతో కట్టే త్రీడీ నమూనా, ఎముకను పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడం, ఇన్ని దారులున్నాయి. వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి ఖర్చు, యంత్రం దొరకడం మాత్రమే చూస్తే దారి తప్పుతాం. డెల్టా నేలలో దొరికిన ఎముకల విషయంలో నేను పెట్టుకున్న గీటురాయి ఒకటే. ఈ పూస మనిషి బతికుండగా అణిగిందా, పూడ్చిన తరువాత మట్టి బరువుకు నలిగిందా? దీన్ని ఏ పద్ధతి తేల్చగలిగితే దానికే నా ఓటు.

ఇంత పట్టుదల ఎందుకంటే మన నేల అలాంటిది. వెన్నుపూసకు ముందు వైపు గుండ్రటి దిమ్మ, వెనుక వైపు వెన్నుపామును చుట్టి ఉండే కమాను ఉంటాయి. దిమ్మ లోపలంతా స్పాంజి ఎముక. దాని మీది గట్టి పొర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. కమాను చిన్నదే కానీ దిట్టమైన ఎముక. డెల్టాలో భూగర్భ జలం పైపైనే ఉంటుంది. కాలువలకు నీళ్లు వదిలితే నేల నానుతుంది, కాలువలు కట్టేస్తే ఎండి నెర్రెలిస్తుంది. బంకమట్టి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల కింద సేద్యం పెరిగాక పల్లపు భూముల్లో ఈ నానడం, ఎండడం ఏటేటా సాగే తంతు అయింది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. ఇంత ఒత్తిడిలో ముందు కరిగేవి, నలిగేవి దిమ్మలే. కమానులు చాలాచోట్ల నిలబడతాయి.

కాబట్టి పద్ధతి కంటే ముందు పెట్టె తెరిచి చూడండి. ఏ భాగం మిగిలిందో దాన్ని బట్టి మీరు అడగగలిగే ప్రశ్న ఉంటుంది. దిమ్మలు లేని పెట్టె పట్టుకుని అణిగిన పూసల శాతం లెక్క కట్టడం వృథా శ్రమ. అదే పెట్టెలో ఐదో నడుము పూస కమానులు పదో పదిహేనో ఉంటే, స్పాండిలోలైసిస్ (కమాను బీటవారి విడిపోవడం) మీద చక్కటి పని చేయవచ్చు. దాని గురించి కాసేపట్లో చెబుతాను.

ఎముకలు ఎక్కడివి అన్నది కూడా ఎంపికలో భాగమే. డెల్టా వయసులో చిన్న నేల. గత ఆరేడు వేల ఏళ్లలో నది తెచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరుగుతూ వచ్చింది. కోనసీమలో కనిపించే పాత ఇసుక దిబ్బల వరుసలు ఒకప్పటి తీరరేఖలే. ఇనుప యుగపు సమాధులు కావాలంటే అంతర్వేది వైపు చూడటం కంటే మెట్ట ప్రాంతానికి, ఇంకా ఎగువన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట లాంటి చోట్ల ఉన్న రాక్షసగూళ్ల వైపు చూడటం న్యాయం. కొత్త తవ్వకమా, దాచి ఉంచిన ఎముకలా అని అడిగితే, విద్యార్థికి రెండోదే మంచిది. తవ్వకానికి భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ అనుమతి కావాలి, ఏళ్లు పడుతుంది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో నవీన శిలాయుగం, ఇనుప యుగాల సమాధులు బయటపడ్డాయి. పుణేలోని డెక్కన్ కళాశాలలో, మహారాష్ట్రలోనే తవ్విన ఇనాంగావ్ అస్థిపంజరాల మీద దశాబ్దాల పని జరిగింది. ముందు ఇలాంటి నివేదికలు చదివి, పూసలను ఎలా వర్ణించారో గమనిస్తే చేతికి పదును వస్తుంది. పొలంలోనో, చెరువు తవ్వకంలోనో ఎముకలు కనబడితే మాత్రం కదపకుండా తహసీల్దారుకు, పోలీసులకు చెప్పాలి. అవి ఎవరి పూర్వీకులవో అనే స్పృహ ఆ ఊరి వాళ్లకు ఉంటుంది, మనకూ ఉండాలి.

కళ్లు, వెర్నియర్ కాలిపర్, ఒక టార్చిలైటు

నన్ను అడిగితే మొదటి స్థానం దీనిదే. సీటీ దొరకని వాళ్లకు సర్దుబాటుగా ఈ మాట చెప్పడం లేదు. ఇది సరిగ్గా చేయకపోతే మిగతా పద్ధతులేవీ మిమ్మల్ని గట్టెక్కించవు.

పన్నెండో వీపు పూసను చేతిలోకి తీసుకుందాం. నీళ్లతో కడగకండి. స్పాంజి ఎముకలో ఇరుక్కున్న బంకమట్టి తడికి ఉబ్బి, మిగిలిన గోడలను కూడా తోసేస్తుంది. నీడలో నిదానంగా ఆరనిచ్చి మెత్తటి కుంచెతో మట్టి రాల్చాలి. తరువాత టార్చిని పక్క నుంచి, దాదాపు ఎముక ఉపరితలానికి సమాంతరంగా పట్టుకుని చూడాలి. తిన్నగా పైనుంచి పడే వెలుతురులో కనబడని ముడత, మెట్టు ఇప్పుడు నీడతో సహా కనబడతాయి. దిమ్మ ముందు గోడ మీద అడ్డంగా చిన్న మడత ఉందా? పై అంచు ముందుకు పొడుచుకు వచ్చిందా? విరిగిన అంచు నునుపుగా గుండ్రబడి ఉంటే మనిషి ఆ దెబ్బ తరువాత బతికాడు. మానడం మొదలైన ఆనవాలు పొడి ఎముక మీద కంటికి కనబడాలంటే వారం నుంచి రెండు మూడు వారాలైనా బతికి ఉండాలి. అంచు పదునుగా ఉండి, రంగు చుట్టుపక్కల ఉపరితలంతో కలిసిపోతే అది చావు సమయానికి దగ్గర్లో జరిగింది కావచ్చు. విరిగిన ముఖం లేత రంగులో, గరుకుగా, సుద్దలా రాలుతూ ఉంటే అది పార తగిలిందో, పెట్టెలో దెబ్బతిన్నదో. ఒక జాగ్రత్త ఉంది. ఎముక పెళుసుబారకుండా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీను మనిషి చనిపోయిన వెంటనే పోదు. నెలల తరబడి ఎముక పచ్చి ఎముకలాగే విరుగుతుంది. అందుకని "చావు సమయంలో" అనే మాట రాసేటప్పుడు అది ఆ క్షణమే అన్నట్టు రాయకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. శరీరాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పూడ్చారనుకోండి. పై నుంచి మట్టి బరువు పడేది పొట్ట వైపు నుంచి వీపు వైపుకు. అంటే మట్టి నొక్కుడుకు దిమ్మ ముందు నుంచి వెనక్కి చదునవుతుంది. బతికున్న మనిషి చెట్టు మీద నుంచి పడ్డా, బస్తా మోస్తూ కూలబడ్డా బలం తల నుంచి తుంటికి, వెన్ను నిలువునా పడుతుంది. దిమ్మ ఎత్తు తగ్గుతుంది. ఈ రెండు దిక్కులూ వేరు. వెల్లకిలా ఉన్న శవంలో ముందు ఎత్తు తగ్గి, ముందు సన్నగా వెనుక మందంగా చీలలా మారిన పూస దొరికితే, దాన్ని మట్టి మీదికి నెట్టడం కష్టం. కానీ మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి పూడ్చినా, కుండలో పెట్టినా మట్టి బరువు వెన్ను నిలువునా పడగలదు. అప్పుడు అదే చీల ఆకారం మోసం చేస్తుంది. ఎముక మాత్రమే చూస్తే ఈ తేడా తెలియదు. శరీరం ఏ తీరుగా పడుకుందో తవ్విన రోజు రాసిపెట్టి ఉండాలి.

కొలతలు ఇలా తీసుకోవాలి. దిమ్మ ముందు ఎత్తు, మధ్య ఎత్తు, వెనుక ఎత్తు. ఉదాహరణకు ముందు 20 మిల్లీమీటర్లు, వెనుక 26 వచ్చిందనుకుందాం. తేడా 6, అంటే దాదాపు 23 శాతం. అయినా వెంటనే విరుపు అని రాసేయకండి. పదకొండో వీపు పూస నుంచి మొదటి నడుము పూస దాకా ఆరోగ్యవంతుల్లోనూ ముందు భాగం కాస్త పొట్టిగానే ఉంటుంది. పైన ఒకటి, కింద ఒకటి ఉన్న పొరుగు పూసలతో పోల్చాలి. పొరుగు పూసలు లేకపోతే ఆ కొలతను అనుమానంగానే ఉంచాలి. ఒకే కొలతను వేరే రోజు మళ్లీ తీసి, రెండూ ఎంత దగ్గరగా వచ్చాయో నివేదికలో చెప్పండి. పరీక్షకులు ముందు చూసేది అదే.

ఎక్స్‌రే, సీటీ, మిగతావి

ఎక్స్‌రే చవక, ప్రతి పట్టణంలో ఉంది. నలిగిన పూసలో స్పాంజి ఎముక కడ్డీలు ఒకదానిలోకి ఒకటి దిగబడి తెల్లటి అడ్డపట్టీలా కనిపిస్తాయి. ఆ పట్టీ పూస పై అంచుకు సమాంతరంగా సాగితే అది బతికున్నప్పటి దెబ్బకు మంచి సాక్ష్యం. చిక్కు ఏమిటంటే రంధ్రాల్లో చేరిన మట్టి, లవణాలు కూడా తెల్లగానే వస్తాయి. మట్టి తెలుపు రంధ్రాలను పట్టుకుని అన్ని వైపులా మచ్చలుగా పాకుతుంది, పట్టీలా ఉండదు. పక్క నుంచి ఒకటి, ముందు నుంచి ఒకటి, కనీసం రెండు చిత్రాలు తీయించండి. మాంసం లేని ఎముక కాబట్టి టెక్నీషియన్‌కు ముందే చెప్పి తక్కువ సెట్టింగులో తీయమనాలి, లేకపోతే చిత్రమంతా నల్లబడుతుంది. ఇంకో మాట, దెబ్బ తగిలి ఏళ్లు గడిచిన మనిషిలో ఎముక తనను తాను సరిచేసుకుని ఆ పట్టీ మాసిపోవచ్చు. పట్టీ లేదు కనుక విరుపు లేదనడం తప్పు.

సీటీకి అసలైన చోటు ఒకటుంది. బయటికి తీస్తే పొడి అయిపోయే వెన్నును మట్టి దిమ్మెతో సహా ఎత్తి తెచ్చినప్పుడు దాన్ని విప్పకుండానే లోపల చూడటానికి సీటీని మించింది లేదు. పూస పగిలి ముక్క వెన్నుపాము ఉండే గొట్టంలోకి దూసుకెళ్లిందా అనేది కూడా సీటీయే బాగా చెబుతుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకండి. స్పాంజి ఎముక కడ్డీల మందం మిల్లీమీటరులో పదో వంతు, రెండు పదో వంతులు. ఆసుపత్రి సీటీ వాటిని విడివిడిగా చూపలేదు. మైక్రో సీటీ చూపుతుంది. కానీ అది చిన్న ముక్కలకు, తేలిన ప్రశ్నకు మాత్రమే వాడాలి. డీఎన్‌ఏ తీసే ఆలోచన ఉంటే ఆ నమూనాను స్కానుకు ముందే పక్కకు తీసిపెట్టడం మేలు. కాకినాడ, అమలాపురం, ఏలూరు, రాజమహేంద్రవరం పరిసరాల్లో వైద్య కళాశాలలున్నాయి. అక్కడి అనాటమీ, రేడియాలజీ అధ్యాపకులతో కలిసి పని చేస్తే యంత్రం కంటే వాళ్ల కన్ను ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎముక కోసి మైక్రోస్కోపులో చూడటం గురించి క్లుప్తంగా చెబితే చాలు. కొత్తగా పుట్టిన ఎముక అల్లిక కనబడుతుంది కాబట్టి మానుతున్న దెబ్బను అది నిక్కచ్చిగా పట్టిస్తుంది. కానీ కోసిన ఎముక తిరిగి రాదు. విద్యార్థి ప్రాజెక్టుకు వద్దు.

ఫొటోలతో త్రీడీ నమూనా కట్టే పద్ధతిని మాత్రం చాలామంది తక్కువగా చూస్తారు. ఎముక లోపలి సంగతి అది చెప్పలేదు, నిజమే. అయితే పైన చెప్పిన మట్టి దిక్కు ప్రశ్నకు జవాబు గోతిలోనే ఉంటుంది. ఎముకలు ఎత్తకముందు చుట్టూ తిరిగి ఒకదానిమీద ఒకటి కలిసేలా ఫొటోలు తీస్తే, ఏ పూస ఏ పూస మీద ఎలా ఒరిగి ఉందో శాశ్వతంగా దొరుకుతుంది. ఫోను చాలు. పక్కన స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు మరిచిపోకూడదు. తవ్వకంలో పాలుపంచుకునే అవకాశం వస్తే మిగతావన్నీ వదిలి ఈ ఒక్క పని నెత్తిన వేసుకోండి.

ఏ వర్గీకరణ?

వైద్యుల దగ్గర మూడు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. 1993లో జెనాంట్ బృందం ఇచ్చింది ఎత్తు తగ్గుదలను బట్టి పోతుంది. 20 నుంచి 25 శాతం తగ్గితే మొదటి దశ, 25 నుంచి 40 దాకా రెండో దశ, 40 దాటితే మూడోది. 1983లో డెనిస్ వెన్నును ముందు, మధ్య, వెనుక అని మూడు స్తంభాలుగా చూశాడు. 1994లో మాగెర్ల్ బృందం నొక్కుడు, సాగుడు, మెలిపెట్టుడు అని బలాన్ని బట్టి విభజించింది.

జెనాంట్ పద్ధతి ఎముకలు గుల్లబారిన వయసు మళ్లిన రోగుల ఎక్స్‌రేల కోసం పుట్టింది. పాత ఎముకల్లో కూడా అదే ప్రశ్న అడుగుతుంటే, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీల పూసలైతే, ఇదే వాడండి. డెనిస్ లెక్కలో స్తంభం నిలిచిందా కూలిందా అనేదానికి ఎముకలను కలిపి ఉంచే బంధాలు (లిగమెంట్లు) కూడా లెక్కే. పొడి ఎముకకు బంధాలు ఉండవు. అందుకే పాత ఎముకల మీద "అస్థిరమైన విరుపు" అని రాసినవాటిని నేను నమ్మను. చెట్టు మీద నుంచి పడటం, బండి కింద పడటం లాంటి దెబ్బల గురించి అయితే మాగెర్ల్ మేలు. ఏది వాడినా ముందు మామూలు తెలుగులో, మిల్లీమీటర్లతో వర్ణన రాయండి. వర్గీకరణ రేపు మారవచ్చు, వర్ణన ఉంటే తరువాతి వాళ్లు మళ్లీ వర్గీకరించుకుంటారు.

విరుపుల్లా కనబడి విరుపులు కానివి కూడా ముందే నేర్చుకోవాలి. పూస పై ముఖంలో గుంట పడితే అది ష్మోర్ల్ గుంట కావచ్చు, పూసల మధ్య ఉండే మెత్తటి డిస్కు లోపలికి దిగిన ఆనవాలు. వరుసగా మూడు పూసలు ఐదేసి డిగ్రీలు ముందుకు వాలితే ఎదిగే వయసులో వీపు గూని పడే షాయర్‌మన్ వ్యాధి గుర్తుకు రావాలి. పక్కపక్కనే రెండు పూసలు ముందు వైపు తినేసినట్టు గుల్లగా ఉండి, కొత్త ఎముక పెద్దగా పుట్టకుండా గూని పడితే క్షయ. 1779లో ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్ వర్ణించిన ఆ జబ్బులో వెనుక కమాను మామూలుగానే ఉండటం రివాజు.

కమానుల దగ్గర ఆగుదాం

పైన వాయిదా వేసిన మాట ఇది. ఐదో నడుము పూస కమాను సన్నటి మెడ దగ్గర పదేపదే పడే ఒత్తిడికి బీటవారి, రెండు వైపులా విడిపోతే వెనుక భాగం విడి ముక్కగా దొరుకుతుంది. దాన్నే స్పాండిలోలైసిస్ అంటారు. ఇప్పటి జనంలో నూటికి ఐదారుగురిలో ఉంటుంది, చాలామందికి తమకు ఉందనే తెలియదు. పుట్టిన పిల్లల్లో ఉండదు, నడవలేని వారిలో కనబడదు. 1953లో అమెరికా ఆంత్రోపాలజిస్టు స్టివార్ట్ అలాస్కా అస్థిపంజరాల్లో ఇది చాలా ఎక్కువగా ఉండి, వయసుతో పెరగడం చూపాడు. మట్టిలో విరిగిన కమానుకూ దీనికీ తేడా చేతికి తెలుస్తుంది. జబ్బు వల్ల విడిపోయిన అంచు మూసుకుపోయి, గట్టిపడి, చిన్న గుంటలతో ఉంటుంది. మట్టి విరిచిన అంచులో స్పాంజి ఎముక నోరు తెరిచి కనబడుతుంది. ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. మన నేలలో నిలిచే ఎముక, కంటికే తేలే తేడా. డెల్టా ఎముకల మీద మొదటి ప్రాజెక్టుకు ఇంతకంటే మంచి అంశం నాకు కనబడదు.

మెడ చివరి పూస ముల్లు (కమాను నుంచి వెనక్కి పొడుచుకు వచ్చే కొమ్ము) విరిగితే మట్టి తవ్వేవారి విరుపు అని పేరుంది. పారతో బరువైన మట్టి ఎత్తి విసిరే పనిలో కండరం లాగి ముల్లును పీకేస్తుంది. పాతికేళ్ల లోపు వారిలో ముల్లు చివర ఇంకా అతుక్కోని ఎముక ముక్క ఉంటుంది, దాన్ని విరుపు అనుకోకూడదు.

లెక్క, ఆపైన కథ

పది అస్థిపంజరాలు ఉన్నాయనుకుందాం. నడుము కింద ఉండే త్రికాస్థి పైన మనిషికి 24 చొప్పున 240 పూసలు ఉండాలి. దొరికినవి 90. అణిగినవి ముగ్గురిలో మూడు. మనుషుల లెక్కన 30 శాతం, పూసల లెక్కన 3.3 శాతం. ఎక్కువగా విరిగే చోటు, అంటే పదకొండో వీపు పూస నుంచి రెండో నడుము పూస వరకు, 40 ఉండాల్సింది 12 మాత్రమే మిగిలి, ఆ మూడూ వాటిలోనే ఉంటే 25 శాతం. ఒకే పెట్టె, మూడు లెక్కలు. మనుషుల లెక్క వద్దంటాను. దొరకని పూసలన్నీ బాగున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది. పూస స్థానాన్ని బట్టి, ఎన్ని చూశామో చెప్పి, ఎన్ని విరిగాయో రాయడం నిజాయితీ.

కారణం దగ్గర విద్యార్థుల కలం పరుగెడుతుంది. నడుము పూసల్లో ఏదో కనబడగానే నాట్లు వేసి వేసి వంగిన నడుము అని రాసేస్తారు. కొబ్బరి దింపు కార్మికులను, గీత కార్మికులను చూస్తూ పెరిగిన మనకు చెట్టు మీద నుంచి పడటం అనే ఊహ కూడా ఇట్టే వస్తుంది. ఊహ తప్పు కాదు, దానికి తోడు సాక్ష్యం వెదకాలి. ఎత్తు నుంచి కాళ్ల మీద పడిన మనిషికి మడమ ఎముక కూడా తరచు నలుగుతుంది, చేతులు ఆనిస్తే మణికట్టు దగ్గర విరుగుతుంది. అందుచేత పూసలు చూసేవాళ్లు పాదాల పెట్టె కూడా తెరవాలి. మడమ బాగుండి, తుంటి ఎముకను బట్టి అది వయసు మళ్లిన స్త్రీ అని తేలి, వీపు మధ్య పూసలు రెండు మూడు అణిగి ఉంటే ఎముక గుల్లబారడమే ముందు అనుమానించాలి. కాల్చిన ఎముకల్లో పగుళ్లు వేడికి వచ్చినవి, వాటితో ఈ లెక్కలేవీ వద్దు.

ఇప్పుడు ఎంపిక. చిందరవందరగా ఉన్న పాత పెట్టె దొరికితే కళ్లు, కాలిపర్, టార్చి తీసుకుని కమానుల మీద పని చేయండి. దిమ్మలు బాగున్న వెన్నులు నాలుగైదు ఉంటే అన్నీ కొలిచి, అనుమానం వచ్చినవాటికి, వాటి పక్కన ఉన్న మంచి పూసలకు కూడా ఎక్స్‌రే తీయించండి. పక్కది లేకుండా తీసిన ఎక్స్‌రేకు విలువ సగం. మట్టి దిమ్మెలో వెన్ను మొత్తం దొరికితే సీటీకి డబ్బు కోసం గట్టిగా అడగండి, దరఖాస్తులో శరీరం పడుకున్న తీరు ఫొటోలు జతచేయండి. మార్గదర్శి మైక్రో సీటీతోనే మొదలుపెట్టమంటే, ముందు కొలతల పట్టిక ఆయన ముందు పెట్టి, ఏ పూసలో ఏ అనుమానం మిగిలిందో చూపించి, ఆ ఒక్కదానికే అడగండి.